సి.ఆర్. రావు 1945 వ్యాసం: అందులో అసలేముంది?

2023లో కల్యంపూడి రాధాకృష్ణారావుకు ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించగానే పత్రికల్లో రెండు మాటలు మారుమోగాయి. ఒకటి "స్టాటిస్టిక్స్ నోబెల్". రెండోది "102 ఏళ్ల వయసులో". ఆ బహుమతి ఏ పనికి వచ్చిందన్నది మాత్రం చాలా వార్తల్లో ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంది: 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చిన ఒక వ్యాసానికి, అందులోని మూడు ఫలితాలకు. ఆ మూడూ ఏమిటి, ఒకదానికొకటి ఏమవుతాయి, ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ బోల్తాపడతాయి అన్నది విప్పి చూడాలి. రావు జీవితంలో ఆ తర్వాత చేసిన పనిలో చాలాభాగం కూడా అక్కడి నుంచే అర్థమవుతుంది. ఎందుకంటే ఆయన దాదాపు ఎప్పుడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగారు: చేతిలో ఉన్న దత్తాంశంలో, అంటే డేటాలో, సమాచారం ఎంత ఉంది?

ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. పుట్టింది 1920 సెప్టెంబరు 10న, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని హూవిన హడగలిలో. ఆ ఊరు ఇప్పుడు కర్ణాటకలో ఉంది. తెలుగు కుటుంబం. తండ్రి పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టర్ కావడంతో బదిలీలతో పాటు బడులూ మారాయి: గూడూరు, నూజివీడు, నందిగామ, చివరికి విశాఖపట్నం. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి ర్యాంకులో పూర్తిచేసినా ఉద్యోగం దొరకలేదు. యుద్ధకాలంలో సైన్యానికి చెందిన సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళితే, అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. ప్రశాంతచంద్ర మహలనోబిస్ నడిపే ఆ సంస్థలో 1941 జనవరి 1న చేరారు. కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో మొదలుపెట్టిన ఎం.ఏ. తొలి బృందంలో చదివి, 1943లో బంగారు పతకంతో బయటికి వచ్చారు. వెంటనే అక్కడే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

తరగతిలో వచ్చిన ప్రశ్న

ఇంగ్లండులో స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1920లలోనే ఒక సంగతి తేల్చారు. శాంపిల్ చాలా పెద్దదైతే, అంచనాలో ఉండే చాంచల్యం ఒక హద్దు కంటే కిందికి దిగదు. రావు ఈ పాఠం చెబుతుండగా విద్యార్థి వి.ఎం. దాండేకర్ అడిగాడు: శాంపిల్ చిన్నదైతే ఇలాంటి హద్దు ఉండదా? ఆ దాండేకరే తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయ్యారు. రావు ఆ రాత్రి కూర్చుని సమాధానం రాబట్టి మరునాడు తరగతిలో చెప్పారు. ఈ కథ అందరికీ నచ్చుతుంది కానీ "ఒక్క రాత్రిలో" అన్న మాట కొంత దారి తప్పిస్తుంది. నిరూపణ నిజంగానే చిన్నది, డిగ్రీ గణితం వచ్చినవాళ్లకు అరపేజీ పని. కష్టమంతా ఆ ప్రశ్న తట్టడంలోనే ఉంది. పెద్ద శాంపిల్‌కు తప్ప ఏమీ చెప్పలేమని అప్పటిదాకా చాలామంది ఊరుకున్నారు.

ఆ అరపేజీని మాటల్లో చెప్పుకోవాలంటే ముందుగా "స్కోరు" అన్న పనిముట్టు తెలియాలి. దత్తాంశం చేతికి వచ్చేసింది, ఇక మారదు. తెలియని విలువను, అంటే పరామితిని, అటూ ఇటూ జరుపుతూ "ఈ విలువే నిజమైతే ఈ దత్తాంశం రావడానికి అవకాశం ఎంత?" అని లెక్కగట్టి, దాని లాగరిథమ్ తీసి, గీత గీస్తాం. ఆ గీతకు ఒక బిందువు దగ్గర ఉన్న వాలే స్కోరు. నిజమైన విలువ దగ్గర స్కోరు సగటు సున్న అవుతుంది, కానీ శాంపిల్ మారితే అది అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట వేరియన్స్‌కే, అంటే సగటు నుంచి తేడాల వర్గాల సగటుకే, ఫిషర్ సమాచారం అని పేరు. గీత శిఖరం దగ్గర మొనదేలి ఉంటే విలువ కాస్త జరిగినా దత్తాంశం ఒప్పుకోదు, అంటే సమాచారం ఎక్కువ. గీత చదునుగా ఉంటే ఏ విలువైనా దానికి ఒకటే, సమాచారం తక్కువ.

ఇక నిరూపణ. సగటున సరైన విలువనే చూపే అంచనాను, అంటే నిష్పాక్షికమైన అంచనాను, తీసుకోండి. పరామితిని ఒక మెట్టు జరిపితే ఆ అంచనా సగటు కూడా సరిగ్గా ఒక మెట్టు జరగాలి. దీన్ని అవకలనం చేస్తే అంచనాకూ స్కోరుకూ మధ్య సహవిస్తృతి, అంటే రెండూ కలిసి ఎంత మారతాయన్న కొలత, కచ్చితంగా 1 అని తేలుతుంది. ఏ రెండు చలరాశుల సహవిస్తృతి వర్గమైనా వాటి వేరియన్స్‌ల లబ్ధాన్ని మించదు. కాబట్టి అంచనా వేరియన్స్‌ను సమాచారంతో గుణిస్తే 1 కన్నా తక్కువ రాదు. అంతే. అంచనా వేరియన్స్‌కు అడుగు హద్దు సమాచారానికి విలోమం. శాంపిల్ పెద్దదా చిన్నదా అన్న పట్టింపు ఎక్కడా లేదు.

అంకెలు వేసి చూద్దాం. ఒక నాణెం బొమ్మ పడే సంభావ్యత 0.3 అనుకుందాం. ఒక్క విసురులో ఉన్న సమాచారం 1ని 0.3 × 0.7తో భాగిస్తే వచ్చేది, అంటే 4.76. 400 సార్లు విసిరితే వేరియన్స్ హద్దు 0.21 ÷ 400 = 0.000525. వర్గమూలం తీస్తే 0.023. పడిన బొమ్మల నిష్పత్తిని అంచనాగా తీసుకుంటే దాని వేరియన్స్ సరిగ్గా ఇంతే. అంటే ఇంతకన్నా తెలివైన నిష్పాక్షిక సూత్రం కోసం వెతకడం దండగ. తిరగేసి కూడా వాడుకోవచ్చు. ఈ వర్గమూలం 0.01 దాటకూడదంటే 0.21 ÷ 0.0001, అంటే 2100 విసుర్లు కావాలి. ఏ గణిత చమత్కారమూ ఆ సంఖ్యను తగ్గించలేదు. రాడార్, జీపీఎస్ పనుల్లో ఇంజనీర్లు పరికరం కట్టకముందే ఈ హద్దు లెక్కగట్టుకునేది ఇందుకే. అడిగిన కచ్చితత్వం హద్దు కన్నా మెరుగ్గా ఉంటే, ఆ డిజైన్‌తో అది సాధ్యం కాదని కాగితం మీదే తేలిపోతుంది.

ఒక అంచనా సూత్రం ఎంత దత్తాంశాన్ని వృథా చేస్తోందో కూడా ఈ హద్దుతోనే కొలుస్తారు. గంట ఆకారపు సామాన్య విభాజనం నుంచి వచ్చిన కొలతల్లో సగటు హద్దును తాకుతుంది. మధ్యగతం, అంటే వరుసలో పేరిస్తే నడుమ వచ్చే విలువ, మాత్రం పెద్ద శాంపిళ్లలో 64 శాతం దగ్గర ఆగిపోతుంది. 100 కొలతలు తీసుకుని మధ్యగతం చూడటం, 64 కొలతలు తీసుకుని సగటు చూడటం దాదాపు ఒకటే.

పాఠ్యపుస్తకాలు చప్పున దాటేసే చోటు ఈ హద్దు చెల్లని సందర్భాలు. మొదటిది, దత్తాంశం ఎక్కడిదాకా రావచ్చన్నది పరామితి మీదే ఆధారపడినప్పుడు. సున్న నుంచి ఏదో ఒక పై హద్దు దాకా సమాన అవకాశంతో సంఖ్యలు వస్తున్నాయి, ఆ పై హద్దు మనకు తెలియదు, నిజానికి అది 100. పది సంఖ్యలు తీశాం. సూత్రాన్ని గుడ్డిగా వేస్తే వేరియన్స్ 1000కి తగ్గకూడదు. కానీ పదింటిలో పెద్దదాన్ని 11తో గుణించి 10తో భాగిస్తే నిష్పాక్షిక అంచనా వస్తుంది, దాని వేరియన్స్ 83 మాత్రమే. సిద్ధాంతం తప్పా? కాదు. పైన "అవకలనం చేస్తే" అన్న మెట్టు దగ్గర సమాకలనాన్ని, అవకలనాన్ని తారుమారు చేశాం. అంచు కదులుతుంటే అలా చేయకూడదు. షరతు తెగిన చోట ఫలితం వర్తించదు.

రెండోది, "నిష్పాక్షిక" అన్న మాటను మరిచిపోయినప్పుడు. పది కొలతల నుంచి వేరియన్స్‌నే అంచనా వేయాలి, అసలు విలువ 1 అనుకుందాం. హద్దు 0.2. అందరూ వాడే, సగటు నుంచి తేడాల వర్గాల మొత్తాన్ని 9తో భాగించే సూత్రపు వేరియన్స్ 0.222, హద్దును అందుకోలేదు. అదే మొత్తాన్ని 11తో భాగిస్తే అంచనా సగటున కాస్త తక్కువ చూపిస్తుంది, కానీ సగటు వర్గ దోషం, అంటే అసలు విలువ నుంచి తేడాల వర్గాల సగటు, 0.182కు దిగుతుంది. హద్దు కన్నా తక్కువే! కొంచెం పక్షపాతాన్ని ఒప్పుకుంటే మొత్తం తప్పు తగ్గవచ్చన్నమాట. ఆధునిక యంత్ర అభ్యసనంలో సగం పద్ధతులు బతికేది ఈ సందులోనే.

మూడోది అన్నిటికన్నా సాధారణం, అన్నిటికన్నా ప్రమాదకరం. కొలతలు ఒకదానిమీద ఒకటి ఆధారపడి ఉన్నా, వాటిని విడివిడి కొలతలుగా లెక్కపెట్టేస్తారు. అప్పుడు కాగితం మీద సమాచారం ఉబ్బుతుంది, హద్దు ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. హద్దు ఎప్పుడూ మనం రాసుకున్న నమూనాకే (మోడల్‌కే) జవాబుదారీ, ప్రపంచానికి కాదు.

పేరు సంగతి. ఇదే అసమానతను స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామెర్ 1946లో తన పుస్తకంలో విడిగా రాబట్టారు, అందుకే క్రామెర్-రావు హద్దు. అంతకుముందు 1943లో ఫ్రాన్సులో మోరిస్ ఫ్రెషే, 1945లో జార్జ్ దార్మువా కూడా దీన్ని చేరుకున్నారు. యుద్ధం రోజుల్లో కలకత్తా పత్రిక పారిస్‌కు చేరేది కాదు, పారిస్ పత్రిక కలకత్తాకు చేరేది కాదు. ఈ ఒక్క ఫలితం చూసుకుంటే రావు నలుగురిలో ఒకరు. ఆయన వ్యాసాన్ని మిగతావాటి నుంచి వేరుచేసేది, దాని వెనకే ఉన్న మిగతా రెండు ఫలితాలు.

అచ్చుతప్పుల లెక్క

హద్దు ఉందని తెలిసింది. దాని దగ్గరికి చేరడం ఎలా? రెండో ఫలితం దీనికి సమాధానం. డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లో దీన్ని విడిగా కనుక్కున్నందువల్ల రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు.

ఒక పెద్ద పుస్తకంలో పేజీకి సగటున 2 అచ్చుతప్పులు, యాదృచ్ఛికంగా, అరుదైన ఘటనల లెక్కకు వాడే పాయిజాన్ విభాజనం ప్రకారం పడ్డాయనుకుందాం. ఈ సగటు మనకు తెలియదు. పది పేజీలు చదివి, "ఒక పేజీలో ఒక్క తప్పు కూడా ఉండని సంభావ్యత" అంచనా వేయాలి. అసలు జవాబు 0.1353.

మొరటు అంచనా: మొదటి పేజీ చూడు, తప్పు లేకపోతే 1, ఉంటే 0. నవ్వొస్తుంది కానీ ఇది నిష్పాక్షికమే. వేరియన్స్ 0.117. కొంచెం నయం: పదిలో ఎన్ని పేజీలు శుభ్రంగా ఉన్నాయో ఆ నిష్పత్తి. వేరియన్స్ 0.0117.

ఇప్పుడు రావు చెప్పిన పని చేద్దాం. పది పేజీల్లో మొత్తం తప్పులు 20 అని తేలింది. ఈ మొత్తం తెలిశాక, ఏ తప్పు ఏ పేజీలో పడిందన్న వివరం సగటు గురించి కొత్తగా ఏమీ చెప్పదు. ఇలాంటి సంఖ్యను పర్యాప్త ప్రమాణం అంటారు. మొత్తం 20 అని పట్టుకుని, మొరటు అంచనా సగటు కట్టండి. ఒక్కో తప్పు పది పేజీల్లో ఏదో ఒకదానిలో సమాన అవకాశంతో పడుతుంది, మొదటి పేజీ దాన్నుంచి తప్పించుకునే అవకాశం 0.9. ఇరవై తప్పుల నుంచీ తప్పించుకోవాలి: 0.9ని ఇరవైసార్లు గుణిస్తే 0.1216. ఇదే మెరుగుపడిన అంచనా. దీని వేరియన్స్ 0.00406. మొరటు అంచనాతో పోలిస్తే దాదాపు 29 రెట్లు తక్కువ, శుభ్రమైన పేజీలు లెక్కపెట్టే పద్ధతితో పోలిస్తే దాదాపు మూడో వంతు.

ఎందుకు పనిచేస్తుంది? మొత్తం చాంచల్యంలో రెండు పాళ్లు ఉంటాయి: పర్యాప్త ప్రమాణం మారడం వల్ల వచ్చేది, అది మారకుండా ఉన్నా లోపల జరిగే కలగాపులగం వల్ల వచ్చేది. రెండోది శుద్ధ రొద. సగటు కట్టడంతో అది పూర్తిగా పోతుంది, మొదటిది చెక్కుచెదరదు. అందుకే వేరియన్స్ తగ్గాలే తప్ప పెరగదు. పర్యాప్తత షరతు ఎందుకంటే, అది లేకపోతే కట్టిన సగటులో తెలియని పరామితే వచ్చి కూర్చుంటుంది. అలాంటి "అంచనా"ను దత్తాంశం నుంచి లెక్కపెట్టలేం.

ఇదే ఉదాహరణలో క్రామెర్-రావు హద్దు ఎంత? 0.00366. మన అంచనా 0.00406 దగ్గర ఆగింది. ఇంకా కిందికి దిగవచ్చా? నిష్పాక్షికంగా ఉంటూ దిగలేమని 1950లో లేమన్, షెఫే చూపారు. పర్యాప్త ప్రమాణానికి సంపూర్ణత అనే మరో లక్షణం ఉంటే, ఇలా వచ్చిన అంచనాయే నిష్పాక్షిక అంచనాలన్నిటిలో ఉత్తమం. పాయిజాన్‌కు ఆ లక్షణం ఉంది. కాబట్టి హద్దు నేల అనుకుంటే, కొన్నిచోట్ల ఆ నేల మీద కాలు పెట్టలేం, ఒక మెట్టు పైనే నిలబడాలి. విద్యార్థులు తరచూ పొరబడేది ఇక్కడే: రావు-బ్లాక్‌వెల్ మెరుగుపరుస్తుంది, ఉత్తమమని మాత్రం తనంతట తాను హామీ ఇవ్వదు. దాన్ని రెండోసారి అదే ప్రమాణంతో ప్రయోగించినా ఏమీ మారదు.

మరో అడ్డదారి కూడా చాలామందికి తోస్తుంది. సగటు 2 వచ్చింది కదా, సూత్రంలో పెడితే 0.1353 వస్తుంది, ఈ గొడవంతా ఎందుకు? ఆ పద్ధతి సగటున 0.149 చూపిస్తుంది, అంటే శుభ్రమైన పేజీలు ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నాయంటుంది. శాంపిల్ పెరిగేకొద్దీ ఈ పక్షపాతం కరిగిపోతుంది కనుక పెద్ద శాంపిల్‌లో అడ్డదారి పట్టినా నష్టం లేదు. పది పేజీల్లో ఉంది.

కంప్యూటర్లు వచ్చాక ఈ సిద్ధాంతానికి రెండో జన్మ వచ్చింది. యాదృచ్ఛిక సంఖ్యలతో నడిచే సిమ్యులేషన్లలో, చేతితో లెక్కపెట్టగలిగిన భాగాన్ని లెక్కపెట్టేసి మిగతాదాన్ని మాత్రమే పాచికలకు వదిలితే తప్పు తగ్గుతుంది. దీనికి రావు-బ్లాక్‌వెలీకరణ అని పేరు స్థిరపడింది. ఒక శాస్త్రవేత్త పేరు క్రియాపదంగా మారడం అరుదు. రోబో తన చోటును తాను గుర్తించే ప్రోగ్రాముల్లో, బేయిజియన్ లెక్కల్లో ఇది రోజూ జరిగే పని.

రెండు గంట ఆకారాల మధ్య దూరం

మూడో ఫలితానికి విత్తనం మహలనోబిస్ వేసిందే. మనుషుల ఎత్తు, తల కొలతల వంటివాటి నుంచి రెండు జనసమూహాల మధ్య "దూరం" కొలవడానికి ఆయన 1936లో ఒక సూత్రం ఇచ్చారు. అక్కడ రెండు సమూహాల్లో చాంచల్యం ఒకే రకంగా ఉంటుందన్నది ఊహ. ఆ ఊహ తీసేస్తే దూరం ఎలా కొలవాలి?

రావు చేసింది ఇది: ఒక్కో సంభావ్యతా విభాజనాన్ని ఒక్కో బిందువుగా చూడు, పక్కపక్క బిందువుల మధ్య దూరాన్ని ఫిషర్ సమాచారంతో కొలువు. ఇలా కొలిస్తే ఆ బిందువులు ఉండే తలం మన బల్లలా చదునుగా ఉండక్కర్లేదు, వంగి ఉండవచ్చు. రీమాన్ జ్యామితిని స్టాటిస్టిక్స్‌లోకి తెచ్చిన అడుగు అది. 1945లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ.

సామాన్య విభాజనాలనే తీసుకుందాం, ప్రతిదానికీ ఒక సగటు, ఒక క్రమ విచలనం (వేరియన్స్ వర్గమూలం, అంటే గంట ఆకారపు వెడల్పు). సగటు 1 జరిగింది. క్రమ విచలనం 0.1 అయితే అది 10 ప్రమాణాల దూరం, రెండు గంట ఆకారాలూ ఒకదాన్నొకటి తాకవు. క్రమ విచలనం 10 అయితే అదే జరుగుడు 0.1 ప్రమాణం, తేడా కంటికి ఆనదు. ఇప్పుడు అసలు విచిత్రం. క్రమ విచలనం 1 ఉన్న రెండు గంట ఆకారాలు, సగటులు 0, 6. క్రమ విచలనాన్ని కదపకుండా నేరుగా జరుపుకుంటూ పోతే దూరం 6. కానీ దారిలో గంటను కాస్త వెడల్పు చేస్తూ, మధ్యలో 2.35 దాకా సాగదీసి, మళ్లీ సన్నగా చేస్తూ వెళితే దూరం 4.23 మాత్రమే. చుట్టుదారే దగ్గరిదారి! వెడల్పుగా ఉన్నచోట సగటును జరపడం చవక కాబట్టి. సామాన్య విభాజనాల తలం అతిపరావలయ తలమని, లోపలికి వంగిన జీను లాంటిదని దీని అర్థం. లాభనష్టాలు తెలిసిన బాటసారి కొండ ఎక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లినట్టే.

ముప్పై ఏళ్ల పాటు ఇది ఎక్కువగా గణితజ్ఞుల వినోదంగానే మిగిలింది. 1970లలో రష్యాలో చెంత్సోవ్, అమెరికాలో ఎఫ్రాన్, ఆ తర్వాత జపాన్‌లో షునిచి అమారి దీన్ని పట్టుకున్నారు. అమారి చేతుల్లో అది ఇన్ఫర్మేషన్ జామెట్రీ అనే పూర్తి శాఖ అయింది. 1998లో ఆయన చూపిన సహజ ప్రవణత పద్ధతి న్యూరల్ నెట్‌వర్క్‌లకు సూటిగా పనికొచ్చేది: తప్పు తగ్గే దిక్కును మామూలు దూరంతో కాకుండా సమాచార దూరంతో కొలవాలి. ఆచరణలో ఇబ్బంది ఒకటుంది. పది లక్షల పరామితులున్న నెట్‌వర్క్‌కు సమాచార మాత్రిక పది లక్షల వరుసలు, పది లక్షల నిలువులతో ఉంటుంది. దాన్ని విలోమం చేయడం కాదు కదా, మెమరీలో పెట్టడమే గగనం. కాబట్టి ముక్కలు చేసి, ఉజ్జాయింపులతో నెట్టుకొస్తారు.

కేంబ్రిడ్జి, ఎముకలు, ఇంకో పరీక్ష

1946లో రావు కేంబ్రిడ్జికి వెళ్లింది గణితశాఖకు కాదు, మానవశాస్త్ర మ్యూజియానికి. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన పుర్రెలు, ఎముకల కొలతలను విశ్లేషించే పని. పగలు మ్యూజియంలో ఉద్యోగం, మిగతా సమయంలో కింగ్స్ కాలేజీలో ఫిషర్ పర్యవేక్షణలో పిహెచ్‌డీ. జీవశాస్త్ర వర్గీకరణలో వచ్చే స్టాటిస్టిక్స్ సమస్యల మీద రాసిన సిద్ధాంత గ్రంథానికి 1948లో పట్టా వచ్చింది. దొరికిన ఎముకను రెండు సమూహాల్లో ఒకదానికి చేర్చడం ఫిషర్ చూపించారు, ఎన్ని సమూహాలున్నా చేర్చడం రావు చూపించారు.

అదే 1948లో వచ్చిన మరో వ్యాసం స్కోరు పరీక్ష. నిజాయితీగా చెప్పాలంటే రోజువారీ వాడకంలో రావు పనుల్లో దీనిదే పైచేయి కావచ్చు, ఆయన పేరు అంతగా వినిపించనిదీ ఇదే. అర్థశాస్త్రంలో దీన్ని లగ్రాంజ్ గుణక పరీక్ష అంటారు కనుక చాలామందికి రావుదని కూడా తెలియదు.

ఒక ఊహ నిజమా కాదా అని పరీక్షించడానికి మూడు దారులున్నాయి. వాల్డ్ పరీక్ష పెద్ద నమూనాను సరిపెట్టి, అంచనా ఊహకు ఎంత దూరంలో ఉందో చూస్తుంది. సంభావ్యతా నిష్పత్తి పరీక్ష రెండు నమూనాలనూ సరిపెట్టి ఎత్తులు పోలుస్తుంది. రావు పరీక్ష ఊహ దగ్గరే నిలబడి అక్కడి వాలు మాత్రం చూస్తుంది. ఊహ నిజమైతే శిఖరం అక్కడే ఎక్కడో ఉండాలి కాబట్టి వాలు దాదాపు సున్న ఉండాలి. నిటారుగా ఉంటే ఊహ తప్పు. వాలు వర్గాన్ని సమాచారంతో భాగిస్తే పరీక్ష సంఖ్య వచ్చేస్తుంది.

నాణెం సమంగా ఉందా అని 100 సార్లు విసిరితే 60 బొమ్మలు పడ్డాయి. రావు పరీక్ష 4.00, సంభావ్యతా నిష్పత్తి 4.03, వాల్డ్ 4.17. 5 శాతం స్థాయిలో, అంటే నిజమైన ఊహను పొరపాటున కొట్టిపారేసే అవకాశం 5 శాతానికి పరిమితం చేస్తే, దాటాల్సిన గీత 3.84, మూడూ దాన్ని దాటాయి, గొడవ లేదు. ఇప్పుడు 20 విసుర్లలో ఒక్క బొమ్మ కూడా పడలేదనుకోండి, ఊహ 0.1. వాల్డ్ పరీక్ష చాంచల్యాన్ని అంచనా నుంచే లెక్కగడుతుంది, అంచనా సున్న కనుక చాంచల్యమూ సున్న, భాగహారం కూలిపోతుంది. రావు పరీక్ష చాంచల్యాన్ని ఊహ నుంచి తీసుకుంటుంది: వర్గం చేయకముందు విలువ మైనస్ 1.49, ఊహను కొట్టిపారేయడానికి చాలదు. బుద్ధికి అందే జవాబు.

ఇంకో లాభం పెద్ద పనుల్లో తెలుస్తుంది. జన్యువుల్లో లక్షల స్థానాలను ఒక్కొక్కటిగా ఒక జబ్బుతో ముడిపెట్టి పరీక్షించాలంటే, వాల్డ్ పద్ధతిలో లక్షల నమూనాలు సరిపెట్టాలి. రావు పద్ధతిలో జన్యువు ప్రభావం లేదన్న నమూనా ఒక్కటే సరిపెట్టి, ప్రతి స్థానానికీ వాలు మాత్రం లెక్కపెడితే చాలు. కార్ల్ పియర్సన్ పాత కై-వర్గ పరీక్ష కూడా విప్పి చూస్తే స్కోరు పరీక్షే.

హద్దులో స్కోరుతో సహవిస్తృతి, దూరంలో స్కోరు వేరియన్స్, పరీక్షలో నేరుగా స్కోరు. పనిముట్టు ఒకటే. రావు-బ్లాక్‌వెల్ ఒక్కటి ఈ కుటుంబంలోకి రాదు, దాని వేరు పర్యాప్తతలో ఉంది. మూడు ఫలితాలూ ఒకే దారానికి గుచ్చిన పూసలని రాసేవాళ్లు ఇది గమనించరు.

ఎనిమిది ప్రయోగాల్లో ఏడు కారకాలు

1947లో రావు ప్రవేశపెట్టిన లంబ విన్యాసాలు, అంటే ప్రయోగాలను సమతూకంగా అమర్చే పట్టికలు, పూర్తిగా వేరే తోవ. ఒక తయారీలో ఏడు కారకాలున్నాయి, ఒక్కోదానికి రెండు స్థాయిలు. అన్ని కలయికలూ ప్రయత్నిస్తే 128 ప్రయోగాలు. ఏ రెండు నిలువులు తీసుకున్నా నాలుగు రకాల జతలూ సమానంగా వచ్చేలా పట్టిక అమర్చితే 8 ప్రయోగాల్లో ఏడింటి ప్రధాన ప్రభావాలూ తేలిపోతాయి. ఇంతకన్నా తగ్గించలేమని రావు హద్దే చెబుతుంది: కారకాలు ఏడు, స్థాయిలు రెండు అయితే కనీసం 1 + 7 = 8 వరుసలు కావాలి. మూడు స్థాయిలున్న నాలుగు కారకాలకు 1 + 4 × 2 = 9, మామూలుగా అయితే 81.

దీనికి చెల్లించే మూల్యం ఉంది. ఏడు నిలువులూ నింపేస్తే, మొదటి రెండు కారకాల ఉమ్మడి ప్రభావం మరో నిలువులోని కారకం ప్రభావంతో కలిసిపోతుంది, విడదీయడం అసాధ్యం. వేడి, ఒత్తిడి రెండూ కలిస్తేనే వచ్చే మార్పును, మూడో కారకం తెచ్చిన మార్పుగా నమ్మేస్తాం. ఉమ్మడి ప్రభావం ఉండొచ్చన్న అనుమానం ఉంటే ఆ నిలువును ఖాళీగా వదలాలి, లేదా 16 వరుసల పట్టికకు వెళ్లాలి. జపాన్ కర్మాగారాల్లో నాణ్యత పెంచిన గెనిచి తగుచి ఈ పట్టికలను ప్రపంచమంతా తిప్పారు. ఆయన 1954-55లో కలకత్తా ఇన్‌స్టిట్యూట్‌లో ఉండి వెళ్లినవారే. తప్పులు దిద్దే కోడ్‌లలో 1950 నాటి హామింగ్ హద్దు, రావు హద్దు ఒకే నాణేనికి రెండు వైపులని తర్వాత తేలింది. పై 8 వరుసల పట్టిక హామింగ్ ఏడు బిట్ల కోడ్‌కు ప్రతిరూపమే.

విలోమం లేని మాత్రికలకు సాధారణీకృత విలోమం మీద చేసిన పని, సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి 1971లో తెచ్చిన పుస్తకం, 1965 నాటి లీనియర్ స్టాటిస్టికల్ ఇన్ఫరెన్స్ అనే పాఠ్యగ్రంథం: వీటి గురించి రాయాలంటే మరో వ్యాసం పడుతుంది.

బిరుదుల పట్టిక పొడుగుదే: 1963లో భట్నాగర్ పురస్కారం, 1967లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్, 2011లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ బంగారు గై పతకం. దాదాపు నలభై ఏళ్లు పనిచేసిన ఇన్‌స్టిట్యూట్ తర్వాత పిట్స్‌బర్గ్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో మరో ఇన్నింగ్స్. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేరిట గణిత, స్టాటిస్టిక్స్ సంస్థ ఉంది.

ఇక ఆ "నోబెల్" మాట. ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్‌కు నోబెల్ కమిటీతో సంబంధం లేదు. ఐదు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ సంఘాలు కలిసి రెండేళ్లకోసారి ఇస్తాయి, నగదు 80,000 డాలర్లు. 2017లో మొదటిది డేవిడ్ కాక్స్‌కు దక్కింది, తర్వాత బ్రాడ్లీ ఎఫ్రాన్, నాన్ లెయిర్డ్, నాలుగోది రావుకు. వీరిలో ఎఫ్రాన్ పేరు పైన ఒకసారి వచ్చింది: రావు వంపు తలాన్ని 1970లలో మళ్లీ చేతికెత్తుకున్నవారిలో ఆయనొకరు. ఆ వరుసలో రావు కన్నా ముందు బహుమతి అందుకున్నారు. 2023 జులైలో ఒట్టావాలో ప్రపంచ స్టాటిస్టిక్స్ మహాసభ సందర్భంగా రావు బహుమతి ప్రదానం జరిగింది. ఆగస్టు 22న రావు కన్నుమూశారు. 103వ పుట్టినరోజుకు ఇంకా పంతొమ్మిది రోజులు ఉంది.